షుగర్‌తో నరాలు దెబ్బతిన్నా, కాలికి పుండు పడినా వాడే మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ ఉన్నవాళ్ల కాళ్ల గురించి వచ్చే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. మంటలు తట్టుకోలేకపోతున్నాం, ఏ మాత్ర వేసుకోవాలి అనేది ఒకటి. పుండు మానడం లేదు, ఏ మందు రాయాలి అనేది రెండోది. చాలామందిలో రెండింటికీ మూలం నరాలు దెబ్బతినడమే. మందుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు వేరవుతాయి. మంటను తగ్గించే మంచి మాత్రలు ఉన్నాయి. పుండు విషయంలో మందుది సాయం చేసే పాత్ర మాత్రమే, అసలు పని వేరేచోట జరగాలి. ఈ సంగతి ఆలస్యంగా తెలిసి వేళ్లు, పాదాలు పోగొట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇక్కడ చెప్పిన మోతాదులు అవగాహన కోసమే. మీ కిడ్నీలు, లివర్, గుండె, వయసు చూసి మీకు సరిపోయే మోతాదు చెప్పాల్సింది డాక్టరే.

షుగర్ వల్ల ముందు కాళ్లే ఎందుకు దెబ్బతింటాయి?

నడుము దగ్గర మొదలై కాలివేళ్ల దాకా వెళ్లే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి. రక్తంలో చక్కెర, కొవ్వులు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరానికి, దానికి రక్తం అందించే సన్నటి నాళాలకు దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ ముందుగా బయటపడేది పొడవైన నరాల చివర్లలో. అందుకే వేళ్లతో మొదలై, మేజోడు తొడుక్కున్నంత మేర పైకి పాకుతుంది. మోకాళ్ల దాకా వచ్చేసరికి చేతివేళ్లలోనూ మొదలవుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య వస్తుంది.

దెబ్బతినేది స్పర్శ తెలిపే నరాలు మాత్రమే అనుకోకండి. కండరాలను కదిపే నరాలు బలహీనపడితే వేళ్లు కిందికి వంకర తిరిగి, బరువంతా అరికాలి ముందు భాగం మీద పడుతుంది. చెమట పుట్టించే నరాలు పోతే చర్మం ఎండిపోయి మడమలు పగులుతాయి. పుండుకు రంగం సిద్ధం చేసేది ఈ మూడూ కలిసే.

కాళ్లలో మంట, తిమ్మిరి ఉంటే అది షుగర్ నరాల జబ్బేనా?

చాలావరకు అవును. అయినా తేల్చుకోకుండా మాత్రలు మొదలుపెట్టడం మంచిది కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య, మద్యం, కిడ్నీ జబ్బు, నడుములో నరం నొక్కుకోవడం, కొన్ని క్యాన్సర్ మందులు కూడా ఇలాంటి లక్షణాలే తెస్తాయి.

వీటిలో బి12ను మర్చిపోకూడదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గడం బాగా తెలిసిన విషయం. మోతాదు పెరిగేకొద్దీ, వాడిన కాలం పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. లోపం ఉంటే ఇంజెక్షన్లతోనో, ఎక్కువ మోతాదు మాత్రలతోనో భర్తీ చేయవచ్చు. పూర్తిగా సరిచేయగలిగిన కారణాన్ని వదిలేసి జీవితాంతం మంట మాత్రలు మింగడం అన్యాయం కదా. అలాగని మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు మానేయకండి. పరీక్ష చేయించుకుంటే చాలు.

ఒకే కాలికి రావడం, కొద్ది వారాల్లోనే కాలు బలహీనపడటం, కాళ్లకన్నా చేతుల్లో ముందు మొదలవడం లాంటివి కనిపిస్తే వేరే కారణం వెతకాలి.

షుగర్ అదుపులోకి వస్తే నరాలు మళ్లీ బాగవుతాయా?

చచ్చిపోయిన నరాన్ని తిరిగి మొలిపించే మందు ఇప్పటికైతే లేదు. జబ్బు ముదరకుండా ఆపడం మాత్రం సాధ్యమే. టైప్ 1 వాళ్లలో షుగర్‌ను గట్టిగా అదుపు చేస్తే నరాల జబ్బు వచ్చే అవకాశం దాదాపు 60 శాతం తగ్గుతుందని 1993లో వెలువడిన డీసీసీటీ అధ్యయనం చూపించింది. టైప్ 2లో లాభం అంత పెద్దది కాదు. అక్కడ బరువు, బీపీ, ట్రైగ్లిసరైడ్లు, పొగ అలవాటు కూడా లెక్కలోకి వస్తాయి. వ్యాయామం కూడా మేలు చేస్తుంది.

ఒక హెచ్చరిక. చాలాకాలంగా బాగా ఎక్కువగా ఉన్న షుగర్‌ను హఠాత్తుగా కిందికి దించితే కొందరిలో కొద్ది వారాల్లోనే విపరీతమైన మంటలు మొదలవుతాయి. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) రెండు పాయింట్ల కన్నా ఎక్కువ పడిపోయినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ‘ఇన్సులిన్ మొదలుపెట్టాకే మంటలు వచ్చాయి, ఇన్సులిన్ పడలేదు’ అని మానేసేవాళ్లలో కొందరి కథ ఇదే. తప్పు ఇన్సులిన్‌ది కాదు, దించిన వేగానిది. ఈ మంటలు చాలామందిలో నెలల మీద తగ్గుముఖం పడతాయి.

మంటకు ముందుగా ఏ మందు ఇస్తారు?

ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్. మొదట ఇచ్చేది ఎక్కువగా ఈ నాలుగింటిలో ఒకటి. ‘వీటిలో ఏది గొప్పది?’ అని అందరూ అడుగుతారు. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆప్షన్-డీఎమ్ అనే అధ్యయనంలో అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రెగాబాలిన్ మూడింటినీ అవే మనుషులకు వేర్వేరు వరసల్లో ఇచ్చి చూశారు. ఒకదానితో సరిపోనివాళ్లకు రెండోది జత చేశారు. పదికి 6.6 దగ్గర మొదలైన సగటు నొప్పి, దేనితో మొదలుపెట్టినా 16 వారాలకు 3.3కు దిగింది. అంటే నొప్పి తగ్గించడంలో మూడూ సమానమే.

కాబట్టి ఎంపిక మీ ఒంటిని బట్టి జరగాలి. నిద్ర పట్టకపోతే ఒకటి, మనసు దిగులుగా ఉంటే ఒకటి, కిడ్నీ దెబ్బతింటే ఇంకొకటి. పక్కింటివాళ్లకు పనిచేసిన మాత్ర అడిగి తెచ్చుకోవడం వల్ల ఉపయోగం లేదు.

ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ వాడేటప్పుడు ఏం చూసుకోవాలి?

ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) చూసుకోవాలి. ఈ రెండు మందులూ లివర్‌లో విరగకుండా దాదాపు ఉన్నవి ఉన్నట్టే మూత్రంలో పోతాయి. కిడ్నీలు నెమ్మదించినవాళ్లకు మామూలు మోతాదే ఇస్తే మందు ఒంట్లో పేరుకుని మత్తు, తూలుడు, గందరగోళం వస్తాయి. పెద్దవయసు వాళ్లు రాత్రి బాత్రూమ్‌కు లేచి పడిపోయారంటే ఈ మాత్రను ఒకసారి అనుమానించాలి. అందుకే తక్కువ మోతాదుతో, ఎక్కువగా రాత్రిపూట మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు.

బరువు పెరగడం, పాదాలు వాయడం కూడా చూస్తుంటాం. పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లలో వాపు ఇంకా ఎక్కువ. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు తప్పకుండా డాక్టరుకు చెప్పాలి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులతోనో నిద్రమాత్రలతోనో కలిపితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు తాగితే గాబాపెంటిన్ ఒంటికి సరిగ్గా పట్టదు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మానేసేటప్పుడు ఒక్కసారిగా ఆపకుండా, కనీసం వారం పాటు తగ్గించుకుంటూ రావాలి.

డులోక్సెటిన్ డిప్రెషన్ మందు కదా, నాకెందుకు రాశారు?

ఈ ప్రశ్నతో మందు వేసుకోకుండానే పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. నొప్పి కబురు మెదడుకు చేరకుండా వెన్నుపాములో అడ్డుకునే ఏర్పాటు మన ఒంట్లోనే ఉంది. అది నడిచేది సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాల మీద. డులోక్సెటిన్ ఆ రెండింటినీ పెంచుతుంది. డిప్రెషన్ లేనివాళ్లకూ నొప్పి తగ్గుతుంది. కాబట్టి ఆ మందు రాసినంత మాత్రాన మీ మంటను డాక్టరు మానసికం అనుకున్నట్టు కాదు.

సాధారణంగా 30 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం రెండు వారాలకు 60కి పెంచుతారు. అంతకు మించితే మంట ఇంకా తగ్గేది తక్కువ, ఇబ్బందులు మాత్రం పెరుగుతాయి. మొదటి వారం వికారం మామూలే. తిన్నాక వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. గుళికను విప్పి పొడి చేసుకోకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇది పనికిరాదు. బీపీ కాస్త పెరగవచ్చు.

అమిట్రిప్టిలిన్ పాత మందు కదా, ఇంకా వాడుతున్నారా?

వాడుతున్నారు, బాగానే పనిచేస్తుంది. రాత్రి పడుకునే ముందు 10 మి.గ్రా.తో మొదలవుతుంది. మంట వల్ల నిద్ర లేనివాళ్లకు దీని మత్తే మేలు చేస్తుంది. నోరు ఎండటం, మలబద్ధకం, మూత్రం బిగపట్టడం దీనితో వచ్చే ఇబ్బందులు. ప్రోస్టేట్ వాపు, కొన్ని రకాల గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె లయ సమస్యలు ఉన్నవాళ్లకు ఇవ్వరు. పెద్దవయసు వాళ్లకు మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయించడం మంచి పద్ధతి. దీన్నే పోలిన నార్‌ట్రిప్టిలిన్‌లో ఈ ఇబ్బందులు కొంచెం తక్కువ.

వారం వాడాను, తగ్గలేదు. మార్చమని అడగాలా?

వారం సరిపోదు. సరైన మోతాదుకు చేరాక కొన్ని వారాలు చూడాలి. ప్రతి రాత్రి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసుకుని రాసిపెట్టుకోండి. నొప్పి 30 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టే, సగానికి పడితే చాలా బాగా పనిచేసినట్టు. పూర్తిగా సున్నాకు దిగడం అరుదు. ఈ మాట ముందే ఎవరూ చెప్పకపోవడం వల్లే చాలామంది డాక్టర్లను మారుస్తూ, మందులను మారుస్తూ అలసిపోతారు.

ఒక మందు కొంత తగ్గించి ఆగిపోతే, అదే మందును హద్దు దాటించి పెంచేకన్నా వేరే గుంపులోని రెండో మందును తక్కువ మోతాదులో జత చేయడం మేలు.

మామూలు నొప్పి మాత్రలు, ట్రమడాల్ పనిచేయవా?

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మామూలు నొప్పులకు పనికొస్తాయి, నరాల మంటకు ఉపయోగం దాదాపు లేదు. పైగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీల మీద దెబ్బ వేస్తాయి. ఇది చిన్న విషయం కాదు, మానేయండి.

ట్రమడాల్, టాపెంటడాల్ కొంతకాలం నొప్పి తగ్గిస్తాయి. టాపెంటడాల్‌లో నెమ్మదిగా విడుదలయ్యే రకానికి అమెరికాలో ఈ జబ్బుకు 2012లో అనుమతి కూడా వచ్చింది. అయినా అలవాటు పడే ప్రమాదం చూసి, అక్కడి న్యూరాలజీ అకాడమీ 2022లో ఈ జబ్బుకు ఆ కోవ మందులు (ఓపియాయిడ్లు, అంటే నల్లమందు కోవవి) వాడవద్దని స్పష్టంగా చెప్పింది. నా అభిప్రాయమూ అదే. నెలల తరబడి వాడాల్సిన జబ్బుకు అలవాటు చేసే మందుతో మొదలుపెట్టకూడదు.

పైన రాసుకునే మందులేమైనా ఉన్నాయా?

మిరపకాయ ఘాటు నుంచి తీసిన క్యాప్సైసిన్ ఉంది. తక్కువ గాఢత క్రీమును రోజుకు మూడు నాలుగుసార్లు, వారాల తరబడి రాయాలి. మొదట్లో మంట పెరిగినట్టే ఉంటుంది. ఓపిక పడితేనే ఫలితం. 8 శాతం పట్టీని ఆసుపత్రిలోనే వేస్తారు. పాదాలకు అరగంట ఉంచితే దాదాపు మూడు నెలలు ఉపశమనం ఉండవచ్చు. పాదాల నరాల నొప్పికి దీనికి అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. క్రీము రాసిన చేతిని సబ్బుతో కడగకుండా కంట్లో పెట్టుకోకండి. చర్మం చిట్లినచోట, పుండు ఉన్నచోట క్యాప్సైసిన్ అసలు వాడకూడదు. మంట కాలిలో ఒకచోటే ఉంటే లిడోకెయిన్ పట్టీ ప్రయత్నించవచ్చు.

నరాల బలానికి ఇచ్చే విటమిన్ మాత్రలు వాడవచ్చా?

బి12 లోపం ఉన్నవాళ్లకు బి12 తప్పనిసరి. లోపం లేనివాళ్లకు దానితో పెద్ద లాభం రుజువు కాలేదు.

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ సంగతి కొంచెం నయం. 600 మి.గ్రా. చొప్పున మూడు వారాలు సెలైన్‌లో ఎక్కిస్తే మంట తగ్గినట్టు అధ్యయనాలున్నాయి. మాత్రల రూపంలో ఫలితం అంత నిలకడగా లేదు. ఎపాల్‌రెస్టాట్ అనే మందు జపాన్‌లో 1992 నుంచి వాడకంలో ఉంది. జబ్బు ముదిరే వేగాన్ని కొంత తగ్గిస్తుందని అక్కడి అనుభవం, కానీ చాలా దేశాలు దాన్ని ఆమోదించలేదు. అది వేసుకున్నవాళ్లకు మూత్రం రంగు మారవచ్చు, కంగారు పడక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది బి6 దగ్గర. రకరకాల బలం మాత్రలు కలిపి వేసుకునేవాళ్లకు తెలియకుండానే బి6 మోతాదు పెరిగిపోతుంది. ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడితే బి6 తానే నరాలను పాడు చేస్తుంది. తిమ్మిరికని మొదలుపెట్టిన మాత్ర తిమ్మిరిని పెంచుతుంది. మీ మాత్రల పట్టీలన్నీ ముందు పెట్టుకుని, ప్రతిదాని వెనకా పిరిడాక్సిన్ (బి6 అసలు పేరు) ఎంత ఉందో చదివి కూడండి.

మందుతో మంట తగ్గింది. ఇక కాళ్ల గురించి టెన్షన్ అక్కర్లేదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. మంట మాత్రలు నొప్పి కబురును మెదడుకు చేరనివ్వవు, అంతే. పోయిన స్పర్శను తిరిగి తేలేవు. అసలు మందేదీ లేకుండా మంట దానంతట అదే తగ్గిపోయిందంటే కొన్నిసార్లు అర్థం ఇంకా చెడ్డది. కబురు పంపాల్సిన నరమే చచ్చిపోయి ఉండవచ్చు. మంటలు పోయాయని సంబరపడిన కాలికే చెప్పులో ఉన్న రాయి తెలియకుండా పోతుంది.

స్పర్శ ఉందో లేదో తేల్చడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. నైలాన్ దారం లాంటి సన్నటి పుల్లను, పది గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారుచేసినదాన్ని, కళ్లు మూసుకున్న మనిషి బొటనవేలి కింద, అరికాలి ముందు భాగంలో ఆనించి, అది విల్లులా వంగేదాకా ఒకటి రెండు క్షణాలు నొక్కుతారు. ‘ఇప్పుడు తగిలిందా? ఎక్కడ?’ అని అడుగుతారు. ఆనెకాయ మీద నొక్కకూడదు. తగలడం లేదంటే ఆ పాదం పుండుకు సిద్ధంగా ఉన్నట్టే. ఏడాదికి ఒకసారైనా ఈ పరీక్ష చేయమని మీరే అడగండి. ఇంట్లో అయితే ఎవరైనా చూపుడువేలి కొసతో మీ కాలివేళ్ల కొసలను తేలిగ్గా తాకి, తెలుస్తోందా అని అడిగినా కొంత అంచనా దొరుకుతుంది.

దెబ్బ తగల్లేదు, కాలలేదు. మరి పుండు ఎలా పడింది?

చాలా పుండ్లు ఆనెకాయ కిందే పుడతాయి. నడిచిన ప్రతిసారీ అదేచోట ఒత్తిడి పడి చర్మం గట్టిపడుతుంది. గట్టిపడిన ఆ చర్మమే కింది కండను ఇంకా నొక్కుతుంది. నొప్పి తెలిసిన మనిషైతే కుంటుతూ ఆ చోటును కాపాడుకుంటాడు. స్పర్శ లేనివాళ్లు మామూలుగానే నడిచేస్తారు. పైకి పసుపు రంగు ఆనెకాయ, మధ్యలో చిన్న నల్లటి లేదా ఎర్రటి చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క లోపల కారిన రక్తం. పాదాల నిపుణులు బ్లేడుతో పొరలు పొరలుగా ఆనెకాయ చెక్కితే లోపల బఠాణీ గింజంత గొయ్యి బయటపడుతుంది. రోగి మొహంలో నొప్పి ఛాయ కూడా ఉండదు.

ఆనెకాయలు కరిగిస్తాయని అమ్మే యాసిడ్ పట్టీలు షుగర్ ఉన్నవాళ్లు వాడకూడదు. ఆనెకాయతో పాటు మంచి చర్మమూ కాలుతుంది, కాలినట్టు తెలియదు కూడా. ఎండిన చర్మానికి యూరియా ఉన్న క్రీము రాసుకోవచ్చు, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు.

పుండు పడగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. ప్రతి పుండు మీదా క్రిములు ఉంటాయి. ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు. పుండు చుట్టూ అర సెంటీమీటరు కన్నా ఎక్కువ మేర ఎర్రబడటం, వాపు, వేడి, నొప్పి, చీము. వీటిలో కనీసం రెండు ఉంటేనే ఇన్ఫెక్షన్ అంటారు. అది లేని పుండుకు యాంటీబయాటిక్ ఇస్తే త్వరగా మానదు, ముందుజాగ్రత్త కూడా కాదు. డయాబెటిక్ పాదాల మీద అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలూ వద్దనే చెప్పాయి. అనవసరంగా వాడితే రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయదు.

ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దు. తేలికపాటిదైతే సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్, క్లిండామైసిన్ లాంటి మాత్రలు ఒకటి రెండు వారాలు సరిపోతాయి. ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటినా, లోతుకు పోయినా ఆసుపత్రిలో సూదిమందు అవసరం పడవచ్చు. జ్వరం, వణుకు ఉంటే చేరడం తప్పదు. పరీక్షకు పంపే నమూనా, శుభ్రం చేసిన పుండు అడుగున గీకి తీసిన కండ అయి ఉండాలి. పైపైన దూదితో తుడిచి పంపితే పైన తిరిగే క్రిముల పేర్లే వస్తాయి.

ఎముకకు చీము పట్టిందంటున్నారు. వేలు తీసేయాల్సిందేనా?

ప్రతిసారీ అవసరం లేదు. మొద్దు కొస ఉన్న శుభ్రమైన సన్నటి లోహపు కడ్డీని పుండులోకి పోనిస్తే గట్టిగా ఎముక తగలడం ఒక బలమైన గుర్తు. దానితోపాటు ఎక్స్‌రే, ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష చూస్తారు, అవసరమైతే ఎంఆర్ఐ. పాదం ముందు భాగంలో ఎముక వరకే ఉండి, రక్తప్రసరణ బాగుండి, లోపల చీముగడ్డ లేకపోతే ఆపరేషన్ లేకుండా సుమారు ఆరు వారాల యాంటీబయాటిక్‌తో నయమయ్యేవాళ్లున్నారు. చెడిన ఎముక తీసేశాక కొసల్లో ఇంకా ఇన్ఫెక్షన్ మిగిలి ఉంటే మూడు వారాల వరకు మందు ఇస్తారు. మందుతోనా, కత్తితోనా అన్నది డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. రెండు దారులకూ లాభనష్టాలున్నాయి.

మంట మాత్రలు, పుండు మందులు కలిపి వాడితే ప్రమాదమా?

కొన్ని కలిస్తే ప్రమాదమే. ఇక్కడ రెండు చీటీలు ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాస్తారు, ఒకరి చీటీ ఇంకొకరు చూడరు.

లినెజోలిడ్ మొండి క్రిములకు మంచి యాంటీబయాటిక్. కానీ డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్, ట్రమడాల్ వాడేవాళ్లకు ఇస్తే సెరటోనిన్ హద్దు మీరి జ్వరం, వణుకు, గుండెదడ, గందరగోళం రావచ్చు. రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, ఇంకా ఎక్కువకాలం వాడితే నరాలు కూడా దెబ్బతినవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ షుగర్‌ను ఒక్కసారిగా కిందికి దించగలవు, నరాలకూ హాని చేయగలవు. పైగా సిప్రోఫ్లాక్సాసిన్ రక్తంలో డులోక్సెటిన్ స్థాయిని పెంచుతుంది. మెట్రోనిడజోల్ వారాల తరబడి సాగితే తిమ్మిర్లు తెస్తుంది. కోట్రైమాక్సజోల్‌ను గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలతో కలిపితే షుగర్ బాగా పడిపోవచ్చు.

వీటిలో ఏదీ ఎప్పటికీ వాడకూడనిది కాదు. కాలు కాపాడటానికి అవే కావాల్సి రావచ్చు. అప్పుడు మంట మాత్ర మార్చడమో, రక్తపరీక్షలు తరచుగా చేయడమో అవసరమవుతుంది. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక తిమ్మిరి పెరిగిందంటే, పాత జబ్బే అనుకుని ఊరుకోకుండా చెప్పండి.

పుండు మీద ఏ మందు రాస్తే త్వరగా మానుతుంది?

నిజం చెప్పాలంటే ఏది రాస్తామన్నది చాలా చిన్న విషయం. సెలైన్‌తో కడిగి, తడి మరీ ఎక్కువ కాకుండా, మరీ ఎండిపోకుండా ఉంచే సాదా కట్టు చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్, గాఢమైన అయోడిన్ రోజూ పోస్తే కొత్తగా వచ్చే లేత కండ కూడా చస్తుంది. వెండి కలిపిన క్రీములు, తేనె కట్లు, యాంటీబయాటిక్ పూతలు పుండును త్వరగా మాన్పుతాయనడానికి గట్టి ఆధారం లేదు.

కొంత ఆధారం ఉన్నవీ లేకపోలేదు. పుండు మీద రాసే బెకాప్లెర్మిన్ జెల్‌కు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. ఒక పెద్ద అధ్యయనంలో 20 వారాలకు అది రాసినవాళ్లలో 50 శాతం మందికి, ఉత్త జెల్ రాసినవాళ్లలో 35 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. క్యాన్సర్ భయంతో 2008లో పెట్టిన పెద్ద హెచ్చరికను 2018లో తీసేశారు. రక్తప్రసరణ కొంచెం తగ్గి, ఇన్ఫెక్షన్ లేని పుండ్లకు సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ పూసిన కట్టు వాడితే 20 వారాలకు 48 శాతం మానాయి, అది లేని మామూలు కట్టుతో 30 శాతం. ఇది 2018 నాటి ఎక్స్‌ప్లోరర్ అధ్యయనం ఫలితం. ఈ అధ్యయనాలన్నింటిలో మిగతా వైద్యం అంతా సరిగ్గా జరుగుతుండగా వీటిని జోడించారన్నది గుర్తుపెట్టుకోండి.

మరి పుండును మాన్పేదేంటి?

దాని మీద బరువు పడకుండా చూడటం. అరికాలి పుండుకు ఇంతకు మించిన వైద్యం లేదు. మోకాలి కింద దాకా వేసే, రోగి తనంతట తాను తీయలేని కట్టు బూటో, పూర్తి పిండికట్టో వేస్తే బరువు కాలంతా పంచుకుంటుంది. తీసి పెట్టుకునే బూటుకన్నా తీయలేనిది ఎందుకు మేలంటే, ఇంట్లో నాలుగడుగులే కదా అని దాన్ని విప్పి నడుస్తాం. ఆ నాలుగడుగులే వారం రోజుల మాన్పును పాడుచేస్తాయి. ఇన్ఫెక్షన్ ముదిరినా, రక్తప్రసరణ బాగా తగ్గినా ఈ పద్ధతి పనికిరాదు. అది ముందే చూసుకోవాలి.

రెండోది, చచ్చిన కండను, అంచుల్లోని ఆనెకాయను పదునైన పనిముట్టుతో పదేపదే తీసి శుభ్రం చేయడం. నాలుగు వారాలకు పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే నడుస్తున్న వైద్యాన్ని మళ్లీ మొదటి నుంచి చూడాలి. అదే కట్టు ఇంకో నెల కట్టడం సమయం పోగొట్టుకోవడమే.

రక్తప్రసరణకు మాత్రలు ఇస్తే సరిపోతుందా?

గుండెపోటు, పక్షవాతం రాకుండా స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు), ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ ఇస్తారు. అవి తప్పక వాడాలి, వాటితో పుండు మానుతుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు. సిలోస్టజోల్ నడిచే దూరాన్ని పెంచుతుంది. గుండె వైఫల్యం ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. నాళం మూసుకుపోతే బెలూన్‌తో తెరవడమో, బైపాస్ చేయడమో కావాలి. షుగర్ ఉన్నవాళ్ల నాళాల్లో సున్నం పేరుకోవడం వల్ల చీలమండ దగ్గర తీసిన బీపీ లెక్క తప్పుగా బాగున్నట్టు కనిపించవచ్చు. కాలి బొటనవేలి ఒత్తిడి చూడటం నయం. అది 30 కన్నా తక్కువుంటే నాళాల సర్జన్‌ను అత్యవసరంగా కలవాలి.

పుండు ఉన్నప్పుడు షుగర్ మాత్రలు మార్చాలా?

ఇన్ఫెక్షన్‌తో షుగర్ పెరుగుతుంది కాబట్టి కొన్నాళ్లు ఇన్సులిన్ అవసరం కావచ్చు. ఇంకో సంగతి, కానాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర అధ్యయనంలో కాలివేళ్లు, పాదాలు తీసేయాల్సి రావడం దాదాపు రెట్టింపైందని 2017లో అమెరికాలో పెద్ద హెచ్చరిక పెట్టి, తర్వాతి సమాచారం చూసి 2020లో దాన్ని తీసేశారు. అయినా పుండు ఉన్నవాళ్లకు ఆ కోవ మందులు (పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ ఉండేవి) కొత్తగా మొదలుపెట్టవద్దని నిపుణుల సలహా. ఇప్పటికే వాడుతుంటే పుండు మానేదాకా ఆపే విషయం డాక్టరుతో మాట్లాడండి. అవి గుండెకు, కిడ్నీకి మేలు చేసే మందులు, మీ అంతట మీరు ఆపకండి.

పాదం ఎర్రగా వాచింది, వేడిగా ఉంది, పుండు లేదు, నొప్పీ లేదు. ఏంటిది?

షార్కో పాదం కావచ్చు. స్పర్శ లేని పాదంలో ఎముకలు చిట్లి, కీళ్లు జారిపోతాయి. ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇస్తూ పోతే ఈలోగా పాదం ఆకారం కూలిపోతుంది. దీనికి మాత్ర లేదు. వెంటనే నడక ఆపి, కట్టు వేయించుకోవాలి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు, ఆ ధైర్యంతో నడవకండి.

ఎప్పుడు తెల్లారేదాకా కూడా ఆగకూడదు?

పాదంలో ఏ భాగమైనా నల్లబడినా, దుర్వాసన వచ్చినా, ఎరుపు గంట గంటకూ పైకి పాకుతున్నా, చర్మం కింద గాలి ఉన్నట్టు చిటపటమన్నా, పుండుతో పాటు జ్వరం, వణుకు, వాంతులు ఉన్నా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. కారణం లేకుండా షుగర్ విపరీతంగా పెరగడం కూడా లోపల చీముకు గుర్తు కావచ్చు. నొప్పి లేదు కదా అని ఆగవద్దు.

పుండు మానింది. మందులన్నీ ఆపేయవచ్చా?

యాంటీబయాటిక్ ఇన్ఫెక్షన్ తగ్గగానే ఆగిపోతుంది, పుండు పూర్తిగా మూసుకునేదాకా సాగదీయక్కర్లేదు. స్టాటిన్, బీపీ, షుగర్ మందులు కొనసాగుతాయి. మంట మాత్రను డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించి చూడవచ్చు.

మానిన పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపే మళ్లీ వస్తాయి, ఎక్కువగా పాతచోటే. ఒత్తిడిని పంచే చెప్పులు ఇంట్లోనూ వేసుకోవాలి. ఆనెకాయలు పేరుకోకుండా వరసగా తీయించుకోవాలి. చర్మపు వేడిని కొలిచే చిన్న థర్మామీటర్ ఉంటే రోజూ రెండు పాదాల్లో అవే చోట్ల కొలిచి పోల్చుకోండి. ఒకచోట తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువగా రెండు రోజులు వరసగా కనిపిస్తే, చర్మం పైకి బాగున్నా సరే, నడక తగ్గించి డాక్టరుకు చూపించండి.